థర్మోకోల్ కప్పా, రాగి కెలోరీమీటరా, ఫ్లాస్కా: చర్యోష్ణం కొలవడానికి ఏది తీసుకోవాలి?

1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మి.లీ., అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ 50 మి.లీ. కలిపితే ద్రావణం వేడెక్కేది ఆరున్నర డిగ్రీలే. ప్రయోగమంతా ఆ ఆరున్నర డిగ్రీల మీదే నిలబడుతుంది. అందులో అర డిగ్రీ అటూ ఇటూ అయితే జవాబు 8 శాతం తప్పినట్టే. జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో చర్యోష్ణం, అంటే రసాయన చర్యలో వెలువడే లేదా ఖర్చయ్యే వేడి, కొలవడానికి ఏ పాత్ర వాడాలి, ఏ థర్మామీటర్ కొనాలి, ఏ చర్య ఎంచుకోవాలి అన్న మూడు ప్రశ్నలకూ ఈ అంకెతోనే మొదలుపెట్టాలి. డబ్బు ఎక్కడ పెడితే ఫలితం మెరుగవుతుందో, ఎక్కడ పెట్టినా తేడా రాదో అప్పుడు తెలుస్తుంది.

ల్యాబ్‌లో ఎక్కువ చర్చ పాత్ర గురించే జరుగుతుంది. థర్మామీటర్ మాత్రం అల్మారాలో ఏది దొరికితే అది తీస్తారు. ఈ వరస తిరగబడాలి.

ముందు థర్మామీటర్

ల్యాబుల్లో మామూలుగా ఉండేది మైనస్ 10 నుంచి 110 డిగ్రీల దాకా, ఒక్కో డిగ్రీకి ఒక్కో గీత ఉన్న గాజు థర్మామీటర్. కన్ను బాగా అలవాటైనవాళ్లు దాని మీద అర డిగ్రీ దాకా చదవగలరు. మొదటి రీడింగులో అర డిగ్రీ, చివరి రీడింగులో అర డిగ్రీ పొరపాటు పడి, రెండూ ఒకే వైపు కూడితే ఆరున్నర డిగ్రీల్లో ఒక డిగ్రీ పోయినట్టే. అంటే 15 శాతం. దీన్ని ఎంత మంచి పాత్రలో పెట్టినా ఆ 15 శాతం అలాగే ఉంటుంది.

డిగ్రీలో పదో వంతు గీతలున్న థర్మామీటర్, 0 నుంచి 50 డిగ్రీల పరిధిది, దీనికి సరైన సాధనం. ఖరీదు ఎక్కువే, పొడవూ ఎక్కువే, జారితే పగిలిపోతుంది. ఐదో వంతు గీతలున్నది మధ్యేమార్గం. తరగతిలో ఇరవై మంది విద్యార్థులుంటే అందరికీ పదో వంతు థర్మామీటర్లు కొనడం ఏ కాలేజీకీ సాధ్యం కాదు. అలాంటిచోట నీళ్లలో ముంచే డిజిటల్ సెన్సర్ మంచి ఎంపిక.

స్టీలు గొట్టంలో అమర్చి వైరుతో అమ్మే డీఎస్18బీ20 సెన్సర్‌ను ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో చాలామంది చూసే ఉంటారు. దాని కచ్చితత్వం అర డిగ్రీ అటూ ఇటూ అని తయారీదారు ఇచ్చే వివరాల్లో ఉంటుంది. అది చూసి పక్కన పెట్టేయకండి. మనకు కావలసింది అసలు ఉష్ణోగ్రత కాదు, రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా. సెన్సర్ 0.4 డిగ్రీ ఎక్కువ చూపిస్తుంటే మొదటి రీడింగులోనూ, చివరి రీడింగులోనూ దాదాపు అంతే ఎక్కువ చూపిస్తుంది. తీసివేతలో అది పోతుంది. ఇక అది గుర్తించగల అతి చిన్న తేడా 0.0625 డిగ్రీ. ఒక్కో రీడింగుకు ముప్పాతిక సెకను చాలు. దీని లోపం వేరేచోట ఉంది: స్టీలు తొడుగు వేడెక్కడానికి కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి కలిపిన వెంటనే కనిపించే అంకెను నమ్మకూడదు. ఆమ్లంలో వాడాక వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే స్టీలుకు మచ్చలు పడతాయి.

ఈ తీసివేత పనిచేయాలంటే ఒకటే షరతు. ఆమ్లానికీ, క్షారానికీ, మిశ్రమానికీ ఒకే థర్మామీటర్ వాడాలి. ఆమ్లంలో ఒకటి, క్షారంలో ఇంకొకటి పెట్టి సమయం కలిసొస్తుందనుకుంటే రెండింటి లోపాలూ జవాబులోకి వచ్చేస్తాయి. జ్వరం చూసే థర్మామీటర్ దీనికి ఎందుకూ పనికిరాదు. దాని పరిధి దాదాపు 35 నుంచి 42 డిగ్రీలే, పైగా ఎక్కిన పాదరసం విదిలిస్తే తప్ప దిగదు.

పాత్రలు

థర్మోకోల్ కప్పును కాఫీ కప్పు కెలోరీమీటర్ అని ప్రపంచమంతా వాడుతుంది. దానికి గట్టి కారణమే ఉంది. కప్పు బరువు రెండు మూడు గ్రాములు. దాని విశిష్టోష్ణం, అంటే ఒక గ్రాము ఒక డిగ్రీ వేడెక్కడానికి పట్టే వేడి, 1.3 జూళ్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే కప్పు మొత్తం ఒక డిగ్రీ వేడెక్కడానికి నాలుగు జూళ్లు కూడా పట్టదు. లోపలున్న 100 మి.లీ. ద్రావణానికి 418 జూళ్లు కావాలి. కప్పు తీసుకునే వాటా ఒక శాతం లోపే. చర్యలో పుట్టిన వేడి దాదాపు అంతా ద్రావణంలోనే ఉంటుంది. ఒక కప్పులో ఇంకో కప్పు దూర్చి, పైన థర్మోకోల్ ముక్కతో మూత చేసి, మూతకు థర్మామీటర్ పట్టేంత రంధ్రం పెట్టి, మొత్తాన్ని 250 మి.లీ. బీకరులో నిలబెడితే సరిపోతుంది. బీకరు లేకపోతే థర్మామీటర్ బరువుకే కప్పు పక్కకు ఒరిగి పడిపోతుంది.

చిక్కు దొరకడంలో ఉంది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్ల మీద నిషేధం ఉంది కాబట్టి థర్మోకోల్ కప్పుల కోసం దుకాణాల చుట్టూ తిరగక్కర్లేదు. టీవీ, ఫ్రిజ్ ప్యాకింగులో వచ్చే మందపాటి థర్మోకోల్ దిమ్మె తీసుకోండి. 150 మి.లీ. ప్లాస్టిక్ బీకరు బిగుతుగా కూర్చునేలా గుండ్రంగా గుంట తొలవండి. గుంట చుట్టూ, అడుగునా కనీసం మూడు సెంటీమీటర్ల మందం మిగలాలి. అదే దిమ్మె నుంచి మూత కూడా కోసుకోవచ్చు. కప్పు కన్నా ఇది గట్టిగా నిలబడుతుంది, ఏళ్ల తరబడి పనికొస్తుంది. గాజు బీకరు పెడితే కూడా పనిచేస్తుంది గానీ గాజు తాగే వేడిని లెక్కలోకి తీసుకోవాలి: 50 గ్రాముల గాజుకు డిగ్రీకి 42 జూళ్లు, అంటే ద్రావణం తీసుకునే వేడిలో పదో వంతు.

టీ దుకాణాల్లో వాడే కాగితపు కప్పులు రెండు మూడు ఒకదానిలో ఒకటి పెట్టి వాడొచ్చా? ఒక పూట ప్రయోగానికి వాడొచ్చు. లోపలి పలుచని ప్లాస్టిక్ పూత 1 మోలార్ ఆమ్లాన్నీ, క్షారాన్నీ కాసేపు ఆపుతుంది. కానీ అతుకు దగ్గర క్షారం కాగితంలోకి దిగుతుంది. ప్రతి ప్రయత్నానికీ లోపలి కప్పు మార్చాలి. బయటి కప్పుల మధ్య కొంచెం దూది పెడితే వేడి నిలుస్తుంది.

వెడల్పు మూతి పాలిథీన్ సీసా ఎన్‌సీఈఆర్‌టీ ప్రయోగశాల పుస్తకాల్లో ఉన్న పద్ధతి. సీసాకు రెండు రంధ్రాల రబ్బరు కార్కు, ఒక దాంట్లో థర్మామీటర్, ఇంకో దాంట్లో కలిపే కడ్డీ. ఇది పడిపోదు, పగలదు, ఆమ్లాలకూ క్షారాలకూ భయం లేదు. గోడ పలుచన కాబట్టి వేడి థర్మోకోల్‌లో కన్నా త్వరగా పోతుంది. చుట్టూ ఒక అంగుళం మందాన దూది చుట్టి, గుడ్డతో కట్టేస్తే ఆ తేడా చాలావరకు తగ్గుతుంది. కొత్తగా ల్యాబ్ పెట్టుకునే వాళ్లకు, ఏటా వంద మంది విద్యార్థుల చేతులు పడే చోట, మేము చెప్పే మొదటి మాట ఇదే.

రాగి కెలోరీమీటర్ ఫిజిక్స్ ల్యాబ్ నుంచి అరువు తెచ్చుకునేది. చూడ్డానికి ఇదే అసలైన సాధనంలా ఉంటుంది. చెక్కపెట్టె, ఉన్ని, రాగి కలిపే కడ్డీ అన్నీ ఉంటాయి. అది తయారైంది మాత్రం మిశ్రమ పద్ధతిలో లోహాల విశిష్టోష్ణం కొలవడానికి. నీళ్ల కోసం చేసిన పాత్రలో ఆమ్లం పోస్తున్నాం అన్నది మరిచిపోకూడదు. శుభ్రమైన రాగిని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెంటనే ఏమీ చేయదు, కానీ ఏళ్ల నాటి పాత్ర లోపలి నల్లటి ఆక్సైడ్ పొరను కరిగిస్తుంది. ద్రావణం లేత నీలమో ఆకుపచ్చో అయితే కారణం అదే. ఆ కరగడంలోనూ కొంత వేడి పుడుతుంది, కొంత ఆమ్లం ఖర్చవుతుంది. నత్రికామ్లం, అమ్మోనియా రాగి పాత్రలో అసలు పోయకూడదు.

రాగి పాత్రకు ఒక నిజమైన మేలు ఉంది. దాని వాటాను త్రాసు మీద పెట్టి నేరుగా లెక్కగట్టవచ్చు. పాత్ర, కడ్డీ కలిపి 80 గ్రాములుంటే, రాగి విశిష్టోష్ణం 0.385 కాబట్టి, డిగ్రీకి 30.8 జూళ్లు. అనుమానం లేని అంకె. లవణాలు నీళ్లలో కరిగించే ప్రయోగాలకు రాగి పాత్ర బాగానే ఉంటుంది.

అల్యూమినియం పాత్రను రాగి పాత్ర పక్కనే అల్మారాలో పెట్టి ఉంచుతారు. అది దీనికి పూర్తిగా నిషిద్ధం. అల్యూమినియాన్ని ఆమ్లమూ తింటుంది, సోడియం హైడ్రాక్సైడూ తింటుంది. రెండు చోట్లా హైడ్రోజన్ బుడగలు వస్తాయి, ఆ చర్య వేడి మీరు కొలిచే వేడిలో కలుస్తుంది. తటస్థీకరణోష్ణం (ఆమ్లం, క్షారం కలిసి ఒక మోలు నీరు ఏర్పడినప్పుడు పుట్టే వేడి) 57 దగ్గర రావలసింది 65, 70 కిలోజూళ్లని వస్తే, పాత్ర లోపలి గోడ మీద బుడగలున్నాయేమో ముందు చూడండి.

ఇక వేడి నిలిపే ఫ్లాస్కు. నిదానంగా సాగే చర్యలకు దీన్ని మించింది లేదు. మూడు నాలుగు నిమిషాలు పట్టే కరగడాలు, పది నిమిషాలు నడిచే చర్యలు ఇందులో కొలిస్తే వేడి నష్టం లెక్కలోకి రానంత తక్కువ. కానీ దాని లోపలి గాజు ఎంత వేడి తాగుతుందో బరువుతో చెప్పలేం, ఎందుకంటే నీళ్లు తాకిన భాగమే వేడెక్కుతుంది. నీటి మట్టం మారితే ఆ విలువా మారుతుంది. కాబట్టి జల తుల్యాంకం, అంటే పాత్ర ఒక డిగ్రీ వేడెక్కడానికి తాగే వేడి, విడిగా కొలవాలి, కొలిచినప్పుడు ఎంత నీళ్లుంటే అసలు ప్రయోగంలోనూ అంతే ద్రావణం ఉండాలి. మూతి సన్నగా ఉండి కలపడం కష్టం. అరలీటరు ఫ్లాస్కులో 100 మి.లీ. పోస్తే థర్మామీటర్ బుడ్డ మునగకపోవచ్చు. స్టీలు ఫ్లాస్కులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయకండి. అన్నిటికన్నా ముఖ్యం: వాయువు వెలువడే చర్య, అంటే మెగ్నీషియం ఆమ్లంతో చేసేది గానీ, హైడ్రోజన్ పెరాక్సైడ్ విడిపోయేది గానీ, ఫ్లాస్కులో పెట్టి మూత బిగించకూడదు. వదులుగా దూది పెట్టాలి.

చర్యను బట్టి పాత్ర

ఆమ్లం, క్షారం అయితే థర్మోకోల్ లేదా పాలిథీన్. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

ఎసిటోన్, క్లోరోఫామ్ కలిపినప్పుడు పుట్టే వేడి కొలిచే ప్రయోగం ఇంటర్ స్థాయిలో ఉంది. రెండు అణువుల మధ్య హైడ్రోజన్ బంధం ఏర్పడి మిశ్రమం వెచ్చబడుతుంది. థర్మోకోల్ కప్పులో పోస్తే కప్పు అడుగు కొద్ది సెకన్లలో కరిగి ద్రవమంతా బల్ల మీదికి వస్తుంది. పాలిస్టైరిన్‌ను ఈ రెండు ద్రావణులూ కరిగిస్తాయి. దీనికి సరైనది బాయిలింగ్ ట్యూబ్, చుట్టూ దూది, దాన్ని బీకరులో నిలబెట్టాలి. గాలి ఆడే చోట, మంట లేని చోట చేయాలి. మిగిలిన మిశ్రమాన్ని సింకులో పోయకుండా వేరే సీసాలో నిల్వ చేయాలి.

జింకు పొడిని కాపర్ సల్ఫేట్‌లో వేసే స్థానభ్రంశ చర్య తరగతిలో అందరినీ ఆకట్టుకుంటుంది, ఎందుకంటే వేడి బాగా తెలుస్తుంది. మోలుకు దాదాపు 217 కిలోజూళ్లు. ఇక్కడ గాఢత ఎంచుకోవడంలోనే పని చెడుతుంది. 1 మోలార్ ద్రావణం తీసుకుంటే ఉష్ణోగ్రత ఉన్నదాని మీద ఇంకో 50 డిగ్రీలు ఎగబాకాలి. అంత పైకి వెళ్తే ఆవిరి రూపంలో వేడి పోతుంది, మూత అంచుల నుంచి పొగ కనిపిస్తుంది. 0.2 మోలార్ ద్రావణం 50 మి.లీ. తీసుకోండి. అందులో 0.01 మోలు రాగి అయాన్లు ఉంటాయి, 2.17 కిలోజూళ్లు వస్తాయి, దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. హాయిగా కొలవగల పరిమాణం. జింకు 0.65 గ్రాములు చాలు గానీ 2 గ్రాములు వేయండి, రాగి పొర కప్పేసి కొంత జింకు చర్యలోకి రాకుండా మిగిలిపోతుంది. ముద్ద కడుతుంది కాబట్టి ఆపకుండా కలుపుతూ ఉండాలి. నీలం రంగు పూర్తిగా పోయిందో లేదో చివర్లో చూసుకోండి. రంగు మిగిలి ఉంటే మీ లెక్కలోని 0.01 మోలు తప్పు.

కరిగితే చల్లబడే లవణాల్లో పొటాషియం నైట్రేట్‌ను ఎంచుకోవడం మంచిది. మోలుకు దాదాపు 35 కిలోజూళ్లు తీసుకుంటుంది. 10.1 గ్రాములు, అంటే పదో వంతు మోలు, 100 మి.లీ. నీళ్లలో వేస్తే ఏడు ఎనిమిది డిగ్రీలు పడిపోతుంది. పలుకులుగా వేస్తే కరగడానికి నిమిషాలు పడుతుంది, కాబట్టి ముందే రోట్లో మెత్తగా నూరి ఆరబెట్టి ఉంచుకోవాలి. అమ్మోనియం క్లోరైడ్ మోలుకు 14.8 కిలోజూళ్లే, అదే పదో వంతు మోలుకు మూడున్నర డిగ్రీలు మాత్రమే తగ్గుతుంది. కావాలంటే రెట్టింపు వేయాలి. యూరియాదీ అదే స్థాయి, మోలుకు దాదాపు 15. 10 గ్రాములకు ఐదున్నర డిగ్రీల దాకా తగ్గుతుంది. ఎరువుల దుకాణం యూరియాకు వేపనూనె పూత ఉంటుంది కాబట్టి ల్యాబ్ యూరియా తెప్పించుకోవాలి. అమ్మోనియం నైట్రేట్ గట్టిగా చల్లబరుస్తుందని పుస్తకాల్లో ఉంటుంది గానీ, 2012 నుంచి దాని నిల్వకూ అమ్మకానికీ లైసెన్సు నిబంధనలున్నాయి. దాని జోలికి పోనక్కర్లేదు.

చర్య ఏ దారిలో జరిగినా మొత్తం వేడి మార్పు ఒకటే అనే హెస్ నియమం చూపించడానికి కాపర్ సల్ఫేట్ ప్రయోగం అందమైనది. తెల్లటి నిర్జల (నీరు లేని) లవణం 4 గ్రాములు 50 మి.లీ. నీళ్లలో వేస్తే ఎనిమిది డిగ్రీల దాకా పెరుగుతుంది. నీలి స్ఫటికాలు 6.24 గ్రాములు, అంటే అంతే మోలు, వేస్తే ఒకటిన్నర డిగ్రీ లోపే తగ్గుతుంది. స్ఫటికాల్లోనే 2.25 గ్రాముల నీరుంది, కాబట్టి రెండోసారి నీళ్లు 47.7 మి.లీ. తీసుకుంటే రెండు ద్రావణాలూ సమానమవుతాయి. ఒకటిన్నర డిగ్రీని గీతకో డిగ్రీ ఉన్న థర్మామీటర్‌తో కొలవలేం. పదో వంతు సాధనం లేకపోతే ఈ ప్రయోగం ఎంచుకోకపోవడమే మేలు. నిర్జల లవణం తయారుచేసేటప్పుడు పింగాణీ గిన్నెలో చిన్న మంట మీద కలుపుతూ తెల్లబడగానే దించాలి. ఎక్కువ కాలిస్తే నల్లటి కాపర్ ఆక్సైడ్ మచ్చలు వస్తాయి. చల్లారేది కూడా డెసికేటర్‌లోనే (తేమ చేరని మూత పాత్ర), బయట పెడితే గాలిలో తేమ తాగి మళ్లీ నీలం తిరుగుతుంది.

బలహీన ఆమ్లం, బలహీన క్షారం తేడా చూపించాలంటే చాలామంది ఎసిటిక్ ఆమ్లం తీసుకుంటారు. అది సరైన ఎంపిక కాదు. ఎసిటిక్ ఆమ్లానికీ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికీ మధ్య తేడా మోలుకు ఒకటి రెండు కిలోజూళ్లు, ఉష్ణోగ్రతలో 0.2 డిగ్రీ. కప్పులో కొలిచే ప్రయోగానికి అది అందదు. విద్యార్థికి తేడా వచ్చిందంటే అది పొరపాటు వల్ల వచ్చిందే కావచ్చు. అమ్మోనియాను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తటస్థం చేస్తే విలువ 52 దగ్గర ఉంటుంది. నాలుగైదు కిలోజూళ్ల తేడా, దాదాపు అర డిగ్రీ. మంచి థర్మామీటర్‌కు స్పష్టంగా కనిపిస్తుంది. అమ్మోనియా సీసా మూత తీసినప్పుడల్లా గాఢత తగ్గుతుంది కాబట్టి ఆ రోజే టైట్రేషన్ చేసుకోవాలి.

జల తుల్యాంకం: కొలవాలా, లెక్కగట్టాలా?

పుస్తక పద్ధతి ఇది. పాత్రలో 50 మి.లీ. చల్లటి నీళ్లు, దాంట్లో ఇంకో 50 మి.లీ. వేడి నీళ్లు పోసి మిశ్రమ ఉష్ణోగ్రత చూడాలి. వేడి నీళ్లు పోగొట్టుకున్న వేడిలోంచి చల్లటి నీళ్లు తీసుకున్నది తీసేస్తే మిగిలింది పాత్ర తీసుకున్నది.

లెక్క దగ్గరగా చూద్దాం. చల్లటి నీళ్లు 28.0, వేడి నీళ్లు 48.0, మిశ్రమం 37.8 డిగ్రీలు. వేడి నీళ్లు పోగొట్టుకున్నది 50 × 4.18 × 10.2 = 2131.8 జూళ్లు. చల్లటి నీళ్లు తీసుకున్నది 50 × 4.18 × 9.8 = 2048.2 జూళ్లు. తేడా 83.6 జూళ్లు, దాన్ని 9.8తో భాగిస్తే డిగ్రీకి 8.5 జూళ్లు. బాగుంది. ఇప్పుడు మిశ్రమం రీడింగు 37.8 బదులు 37.7 అనుకోండి. జవాబు 12.9 అవుతుంది. 37.9 అయితే 4.2. 38.1 అయితే రుణ విలువే వస్తుంది. పదో వంతు డిగ్రీకే జవాబు సగం అటూ ఇటూ ఊగిపోతోంది.

అందుకే మా సలహా పాత్రను బట్టి మారుతుంది. థర్మోకోల్‌కు ఈ ప్రయోగం చేసి అంకె సాధించడం వృథా. కప్పుకు, మునిగిన థర్మామీటర్ భాగానికి కలిపి డిగ్రీకి 8 జూళ్ల దాకా తీసుకుంటే చాలు. అది అటూ ఇటూ అయినా జవాబు ఒక శాతం మించి కదలదు. రాగి పాత్రకు బరువు చూసి లెక్కగట్టండి. ఫ్లాస్కుకు, గాజు బీకరుకు మాత్రం నిజంగా కొలవాలి, నాలుగైదు సార్లు కొలిచి సగటు తీయాలి. పరీక్షలో కొలవమని అడిగితే కొలవాల్సిందే, అప్పుడు రుణ విలువ వస్తే వేడి నీళ్లలో థర్మామీటర్ పూర్తిగా ఎక్కకముందే రీడింగు తీసుకున్నారేమో, చల్లటి నీళ్లు పాత్రలో కాసేపు ఉంచకుండానే పోశారేమో చూసుకోండి.

గరిష్ఠ రీడింగా, గ్రాఫా?

కలిపాక కనిపించే గరిష్ఠ ఉష్ణోగ్రతను రాసుకుని లెక్క చేయడం సులువు. తటస్థీకరణానికి అది దాదాపు సరిపోతుంది, ఎందుకంటే చర్య క్షణంలో అయిపోతుంది. నిదానంగా సాగే చర్యలకు సరిపోదు. పాదరసం శిఖరం చేరేలోపే కొంత వేడి బయటికి పోయి ఉంటుంది.

గ్రాఫ్ పద్ధతికి గడియారం ఉంటే చాలు. ఆమ్లాన్ని కప్పులో పోసి నాలుగు నిమిషాల పాటు అర నిమిషానికోసారి రీడింగు తీయండి. ఐదో నిమిషానికి సరిగ్గా క్షారం ఒక్కసారిగా పోయండి, ఆ నిమిషానికి రీడింగు ఉండదు. తర్వాత పన్నెండో నిమిషం దాకా కలుపుతూ రాయండి. ముందు 28.2 దగ్గర స్థిరంగా ఉందనుకుందాం. ఆరో నిమిషానికి 34.6, ఏడుకు 34.5, ఎనిమిదికి 34.4, తొమ్మిదికి 34.3, పదికి 34.2. నిమిషానికి పదో వంతు తగ్గుతోంది. ఆ వాలు గీతను స్కేలుతో వెనక్కి ఐదో నిమిషం దాకా పొడిగిస్తే 34.7 దగ్గర తాకుతుంది. పెరిగింది 6.5 డిగ్రీలు, గరిష్ఠ రీడింగు చూసి ఉంటే 6.4 అనేవాళ్లం. జింకు చర్యలో ఇదే తేడా ఒక డిగ్రీ దాకా ఉండొచ్చు. అక్కడ గ్రాఫ్ తప్పనిసరి.

ఆమ్లం, క్షారం మొదటి ఉష్ణోగ్రతలు వేరైతే సగటు తీసుకోవాలి. అంతకన్నా మంచి దారి రెండు సీసాలనూ ముందు రోజే తయారుచేసి ఒకే బల్ల మీద పెట్టడం. అప్పుడే కలిపిన సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గంట తర్వాత కూడా గోరువెచ్చగానే ఉంటుంది. ఫ్యాను కింద ఈ ప్రయోగం చేయకండి.

పరిమాణాలు బ్యూరెట్‌తో గానీ పిపెట్‌తో గానీ తీయాలి. 50 మి.లీ. కొలజాడీలో ఒక మి.లీ. తేడా మామూలే, అది 2 శాతం. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు తేమనూ, కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటాయి కాబట్టి 4 గ్రాములు తూచినంత మాత్రాన పదో వంతు మోలు కాదు. క్షారాన్ని 1.1 మోలార్‌గా కొంచెం ఎక్కువ చేసి, ఆమ్లాన్ని మాత్రం కచ్చితంగా టైట్రేషన్‌తో 1 మోలార్‌కు తేల్చుకుంటే చర్యలో పాల్గొన్న మోల్‌ల సంఖ్య ఆమ్లం మీదే ఆధారపడుతుంది. రెండు చోట్ల అనుమానం ఉండే బదులు ఒక చోటే ఉంటుంది. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. 1 మోలార్ క్షారం చుక్క కంట్లో పడితే ఆమ్లం కన్నా ఎక్కువ హాని చేస్తుంది.

57.1 రాకపోతే?

పై గ్రాఫ్‌తో లెక్క చేద్దాం. ద్రావణం 100 మి.లీ., పాత్ర 8 జూళ్లు, పెరుగుదల 6.5. నీళ్ల విశిష్టోష్ణం 4.18 తీసుకుంటే 6.5 × (418 + 8) = 2769 జూళ్లు. 0.05 మోలుకు అంత, కాబట్టి మోలుకు 55.4 కిలోజూళ్లు. పాఠ్యపుస్తకంలో 57.1 ఉంది. విద్యార్థి ఇక్కడే రబ్బరు తీసుకుని 34.7ను 34.9 చేస్తాడు.

చేయనక్కర్లేదు. అసలు ఆ విలువ అన్ని ఉష్ణోగ్రతల్లోనూ ఒకటే కాదు. అతి పలుచని ద్రావణాల్లో 25 డిగ్రీల దగ్గర అది 55.8. 20 డిగ్రీల దగ్గర 57కు దగ్గరగా వస్తుంది. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ 0.2 కిలోజూలుకు కాస్త ఎక్కువ తగ్గుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో ఏప్రిల్ నెలలో 35 డిగ్రీల గదిలో చేసే ప్రయోగానికి, 20 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె రావాలనడం న్యాయం కాదు. ఇక 1 మోలార్ లాంటి గాఢ ద్రావణాల్లో విలువ మళ్లీ కొంచెం పెరుగుతుంది. ఏర్పడిన ఉప్పునీరు మి.లీ.కు 4.18 కాక 4.10 జూళ్ల దగ్గర తీసుకుంటుంది; అలా లెక్కిస్తే పై జవాబు 54.3 అవుతుంది. రెండు విలువలూ సరైన కొలతలే, ఏ అంచనాతో లెక్కించారో రాస్తే చాలు.

50 నుంచి 58 మధ్య ఏది వచ్చినా ప్రయోగం బాగా జరిగినట్టే. 45 కన్నా తక్కువ వస్తే మూత, ఆలస్యం, గాఢతల వైపు చూడండి. 60 దాటితే పాత్ర లోహం వైపు, గాఢత ఎక్కువైందేమో ఆ వైపు చూడండి. రికార్డు పుస్తకంలో గది ఉష్ణోగ్రత, పాత్ర రకం, థర్మామీటర్ మీది అతి చిన్న గీత విలువ, గ్రాఫ్ కాగితం ఉంటే మార్కులు వేసే అధ్యాపకుడికి 55.4 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఏ ఒక్క వివరమూ లేకుండా సరిగ్గా 57.1 రాసిన పేజీ కన్నా దానికే ఎక్కువ మార్కులు వేయాలి.